పైథానా, జావాస్క్రిప్టా, రస్టా: మూడుసార్లు మొదలుపెట్టి ఆగిపోయిన ఒక లెక్కల టీచర్‌కి

డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పే ఒక టీచర్ పెద్ద ఉత్తరం పంపారు, పేరు మాత్రం వేయొద్దన్నారు. ఆరేళ్లుగా తీరిక దొరికినప్పుడల్లా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక ప్రోగ్రాం రాసుకుంటూ వచ్చారట. మాత్రిక ఇస్తే చాలు, ఆవిడ బోర్డు మీద చేసినట్టే ఒక్కో మెట్టూ చూపిస్తుంది. ఏ అడ్డువరుసను దేనితో గుణించాం, దేనిలోంచి తీసేశాం, సున్నా ఎక్కడ వచ్చింది, అన్నీ భిన్నాల్లోనే. తర్వాత నిర్ధారకం, విలోమం, "కె విలువ ఎంతయితే ఈ సమీకరణాలకు సాధన ఉండదు?" లాంటి లెక్కలు కూడా చేర్చారు. కె ఉన్న లెక్కల కోసం సింపై అనే లైబ్రరీ, అంటే అక్షరాలతో బీజగణితం చేసే సిద్ధంగా దొరికే పైథాన్ కోడ్, వాడుకున్నారు. మొత్తం నాలుగు వేల లైన్లు. ఆవిడ లాప్‌టాప్‌లో, నల్ల తెర మీద, చక్కగా నడుస్తోంది. పిల్లలేమో "మేడమ్, మా ఫోన్లో బ్రౌజర్‌లో వచ్చేలా చేయండి" అని అడుగుతున్నారు.

చిక్కు అక్కడ మొదలైంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఆవిడ పాత విద్యార్థి ఒకరు ఆదివారాలు కూర్చుని సాయం చేస్తానన్నాడు. "వెబ్‌కి పైథాన్ పనికిరాదు మేడమ్, అంతా జావాస్క్రిప్ట్‌లో తిరగరాద్దాం" అన్నాడు. సగం రాశాక రస్ట్ అనే ఇంకో భాష అయితే ఇంకా బాగుంటుందన్నాడు. డిపార్ట్‌మెంట్‌లో తోటి లెక్చరర్ ఒకరు జూలియా అనే మరో భాష పేరు చెప్పారు. రెండేళ్లలో మూడుసార్లు మొదలుపెట్టారు, మూడుసార్లూ ఆగిపోయింది. చివరిసారి జావాస్క్రిప్ట్ వెర్షన్‌లో ఒక మాత్రికకు ర్యాంకు, అంటే మిగతావాటి నుంచి రాబట్టలేని వరుసలు ఎన్ని అన్న లెక్క, 2 రావాల్సింది 3 వచ్చింది. ఆవిడ చూపిస్తే "అది రౌండింగ్ మేడమ్, మరీ చిన్న అంకె వస్తే సున్నా అనుకోమని ఒక లైను పెడితే సరిపోతుంది" అన్నాడు. "లెక్కల్లో అనుకోవడం ఏమిటి?" అని ఆవిడ కాస్త గట్టిగానే అన్నారు. ఆ తర్వాత నెలన్నరగా అతని దగ్గరనుంచి ఫోన్ లేదు. కొత్త సెమిస్టర్‌కి ఇంకా నాలుగు నెలలుంది. ఆవిడ అడిగినవి మూడు. ఏ భాష ఎంచుకోవాలి? నేను కాలానికి వెనకబడిపోయానా? ఆ అబ్బాయితో మళ్లీ మాట ఎలా కలపాలి?

టీచర్ గారూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి భాషల గొడవలాగే కనిపించింది. రెండోసారి చదివేటప్పుడు మీరు రాసిన మాత్రికను కాగితం మీద వేసి చూశాను, అప్పుడు అసలు గొడవ తెలిసింది. ముందు దాని సంగతే చెప్తాను, ఎందుకంటే మీ ఇద్దరి మధ్య మాట ఆగిపోయింది దాని దగ్గరే.

మొదటి వరుస 1, 0, 0.1. రెండోది 0, 1, 0.2. మూడోది 1, 1, 0.3. మూడో వరుస మొదటి రెండింటి మొత్తం అని చూడగానే తెలుస్తోంది, కాబట్టి ర్యాంకు 2. ఇప్పుడు కంప్యూటర్ ఏం చేసిందో చూడండి. 0.3 లోంచి 0.1 తీసేస్తే దానికి 0.19999999999999998 వచ్చింది. అందులోంచి 0.2 తీసేస్తే సున్నా రాలేదు, -0.000000000000000028 దగ్గర ఒక అంకె మిగిలింది. సున్నా కాదు కాబట్టి దాన్ని పివట్‌గా, అంటే ఆ వరుసకు ఆధారమైన అంకెగా, తీసుకుంది, ర్యాంకు 3 అంది. ప్రోగ్రాం అబద్ధం చెప్పలేదు, దానికి ఇచ్చిన అంకెల ప్రకారం సరిగ్గానే చెప్పింది. 0.1 అనేది రెండు ఆధారంగా రాసే పద్ధతిలో ఎప్పటికీ ముగియని దశాంశం, మనకు మూడింట ఒకటి ఎలాగో అలాగ, కాబట్టి యంత్రం దాన్ని ఎక్కడో ఒకచోట కత్తిరించి దాచుకుంటుంది.

ఇది జావాస్క్రిప్ట్ తప్పు కాదు. మీ పైథాన్‌లో కూడా 0.1 అని నేరుగా రాస్తే ఇదే జరుగుతుంది. నమ్మకం కుదరకపోతే పైథాన్‌లో అంకెను భిన్నంగా మార్చే ఫ్రాక్షన్‌కి 0.1 ని కొటేషన్లు లేకుండా ఇచ్చి చూడండి, 3602879701896397/36028797018963968 అని వస్తుంది. అదే 0.1 ని కొటేషన్లలో పెట్టి, అంటే రాతగా ఇస్తే, బుద్ధిగా 1/10 అంటుంది. మీరు ఆరేళ్ల క్రితమే ఎక్కడో ఈ జాగ్రత్త తీసుకున్నారు, బహుశా గుర్తు కూడా లేకపోవచ్చు. అతనికి మీరు ఇచ్చింది కోడ్, ఆ జాగ్రత్త వెనక ఉన్న కారణం ఇవ్వలేదు. కోడ్‌లో కారణాలు కనిపించవు కదా.

మరి అతను చెప్పిన "చిన్న అంకెను సున్నా అనుకుందాం" అన్నది తప్పా? అతని లోకంలో కాదు. వంతెన మీద బరువులు లెక్కించేవాళ్లు, బొమ్మల్ని గుర్తుపట్టే ప్రోగ్రాములు రాసేవాళ్లు రోజూ చేసే పని అదే, అలా చేయకపోతేనే వాళ్లకు తప్పు. మీ పని వేరు. రెండు వరుసలు దాదాపు ఒకటే కానీ పూర్తిగా ఒకటి కావు అని చూపించడానికి మీరే కావాలని ఒక మాత్రిక ఇస్తారు, ఒకచోట 1, ఇంకోచోట 1 కి లక్షకోట్లో వంతు ఎక్కువ. దాన్ని కూడా ఆ ఒక్క లైను సున్నా చేసి పారేస్తుంది. కాబట్టి మీరు పట్టుబట్టింది సరైనదే, అతను చెప్పిందీ తెలిసే చెప్పాడు, మీ ఇద్దరూ రెండు వేర్వేరు పనుల గురించి మాట్లాడుకున్నారు.

ఇప్పుడు భాష విషయం. "ఏ భాష?" అని ఒకే ప్రశ్నగా అడిగినంతకాలం మీరు నాలుగోసారి కూడా మధ్యలోనే ఆగిపోతారని నా భయం. అందులో మూడు ప్రశ్నలున్నాయి. లెక్క ఎవరు చేస్తారు, తెర మీద ఎవరు చూపిస్తారు, ఆ రెండింటి మధ్య అంకెలు ఏ రూపంలో ప్రయాణిస్తాయి. మూడింటికీ ఒకే భాష ఉండాలని ఎక్కడా లేదు.

తెర సంగతి తేల్చేద్దాం. బ్రౌజర్‌లో బటన్ నొక్కడం, పెట్టెలు గీయడం, మెట్లు ఒక్కొక్కటిగా తెరవడం, ఇదంతా ఎలా తిప్పినా చివరికి జావాస్క్రిప్టే చేస్తుంది. ఇక్కడ వాదన అక్కర్లేదు, అతనే రైటు. జావాస్క్రిప్ట్ బదులు, దాని మీదే కట్టిన టైప్‌స్క్రిప్ట్ అనే భాషలో రాయమని మాత్రం అడుగుతాను. అందులో "ఇది భిన్నం, ఇది మామూలు అంకె కాదు" అని ముందే చెప్పి పెట్టుకోవచ్చు, ఎవరైనా పొరపాటున భిన్నాన్ని తీసుకెళ్లి మామూలు అంకెతో కూడబోతే రాసేటప్పుడే ఎర్రగీత వస్తుంది. మీకు జరిగిన ప్రమాదం సరిగ్గా అలాంటిదే. భిన్నాలను అందంగా చూపించడానికి కాటెక్, మాథ్‌జాక్స్ అనే లైబ్రరీలు ఉన్నాయి, రెండూ బాగా నలిగినవే, ఏది వాడినా మీ పనికి సరిపోతుంది.

మూడో ప్రశ్న, అంటే మధ్యలో ప్రయాణం, దీన్ని ఎవరూ పట్టించుకోరు. నేనూ ఒకప్పుడు పట్టించుకోలేదు. సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టే ఒక చిన్న పేజీ చేశాను, లెక్క సర్వర్‌లో పైథాన్ చేసేది, జవాబు జేసన్ రూపంలో, అంటే ప్రోగ్రాములు ఒకదానికొకటి సమాచారం పంపుకునే రాత పద్ధతిలో, బ్రౌజర్‌కి వచ్చేది. ఒక విద్యార్థిని 9007199254740993 ఇచ్చింది. కారణాంకాలు 3, 107, 28059810762433 అని సరిగ్గానే వచ్చాయి. పైన సంఖ్య మాత్రం 9007199254740992 అని కనిపించింది. "సార్, కారణాంకాలన్నీ బేసి సంఖ్యలు, పైనున్నది సరిసంఖ్య, ఎలా కుదురుతుంది?" అని అడిగింది ఆ అమ్మాయి. నాకు ఆ రోజంతా మనసు మనసులో లేదు. ఎందుకంటే ఆ అమ్మాయి అడగకపోయి ఉంటే నాకు తెలిసేదే కాదు, అంతకుముందు ఎంతమంది చూసి, తప్పు తమదేనేమో అనుకుని ఊరుకున్నారో. కారణం చిన్నదే. జావాస్క్రిప్ట్ మామూలు అంకెలు 2 ఘాతం 53 దాటితే ప్రతి పూర్ణసంఖ్యనూ విడివిడిగా పట్టుకోలేవు, జేసన్‌లో అంకెగా వచ్చిన దాన్ని బ్రౌజర్ ఆ మామూలు అంకెగానే మార్చేస్తుంది, పక్కనున్న సరిసంఖ్యకు సర్దేస్తుంది. కారణాంకాలు ఆ హద్దుకు లోపలే ఉన్నాయి కాబట్టి బతికిపోయాయి. హెచ్చరిక కూడా రాదు. వరుసలు తగ్గించేటప్పుడు మీ హారాలు ఎంత వేగంగా పెరుగుతాయో మీకు నేను చెప్పక్కర్లేదు, ఐదు బై ఐదు మాత్రిక ఇస్తే చాలు. కాబట్టి మీరు ఏ దారి ఎంచుకున్నా సరే, ఇది ఒక్కటి గట్టిగా పట్టుకోండి: మధ్యలో భిన్నాలు ఎప్పుడూ రాతగా, "-3/4" అని కొటేషన్లలోనే ప్రయాణించాలి.

ఇక లెక్క ఎవరు చేయాలి. మీ ముందున్న దారులు చెప్తాను, ఏ దారిలో ఏం ఎదురవుతుందో కూడా.

ఒకటి, మీ పైథాన్ ఉన్నదున్నట్టు సర్వర్ మీద ఉంచి, ముందు పల్చటి తెర ఒకటి పెట్టడం. కోడ్ దాదాపు మార్చక్కర్లేదు, నెలలోపే కనిపించే రూపం వస్తుంది. కానీ సర్వర్ ఒకటి ఎప్పుడూ నడుస్తూ ఉండాలి, దాన్ని ఎవరో ఒకరు చూసుకోవాలి, పరీక్ష ముందు రాత్రి అది పడిపోతే ఫోన్లు మీకే వస్తాయి. ఇంకో ప్రమాదం ఉంది. మాత్రికలో "2కె-1" లాంటివి టైపు చేయనిస్తారు కదా, ఆ రాతను మీరు నేరుగా సింపైలో రాతను లెక్కగా మార్చే సింపిఫైకి ఇస్తున్నారేమో చూసుకోండి. అది లోపల ఇవాల్ వాడుతుంది, అంటే వచ్చిన రాతను ప్రోగ్రాంగా నడిపేస్తుంది. నమ్మకం లేని రాతను దానికి ఇవ్వొద్దని సింపై వాళ్లే రాసి పెట్టారు. మీ లాప్‌టాప్‌లో మీరే టైపు చేసినంతకాలం బెంగ లేదు. వెబ్‌లో పెట్టాక ఎవరైనా ఏదైనా టైపు చేయొచ్చు. చెడ్డ ఉద్దేశమే ఉండక్కర్లేదు, సరదాకి ఎవరో 9^9^9 కొడతారు. ఆ జవాబులో దాదాపు 37 కోట్ల అంకెలుంటాయి, మీ సర్వర్ అక్కడే కూర్చుండిపోతుంది, మిగతా క్లాసంతా ఎదురుచూస్తూ ఉంటుంది. కాబట్టి అంకెలు, కె, కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, చిన్న ఘాతాలు, బ్రాకెట్లు, ఇవి తప్ప ఇంకేం ఒప్పుకోని చిన్న పార్సర్, అంటే టైపు చేసిన రాతను విడగొట్టి చదివే భాగం, ఒకటి మీరే రాసుకోవాలి, ప్రతి లెక్కకీ కొన్ని సెకన్ల గడువు పెట్టాలి.

పార్సర్ అన్నాను కాబట్టి ఒక మాట. ఘాతం గుర్తు దగ్గర జాగ్రత్త. పైథాన్‌లో నేరుగా 2^3 అంటే 1 వస్తుంది, 8 కాదు, ఆ గుర్తుకు అక్కడ బిట్ల మీద చేసే వేరే పని ఉంది. జావాస్క్రిప్ట్‌లోనూ అంతే. అలాగే మైనస్ 3 వర్గం అని బ్రాకెట్లు లేకుండా రాస్తే పైథాన్ -9 అంటుంది, జావాస్క్రిప్ట్ అసలు ఒప్పుకోదు, బ్రాకెట్లు పెట్టమంటుంది, ఎక్సెల్ షీటు 9 అంటుంది. మీ క్లాసులో మీరు ఏం చెప్తారో అదే మీ పేజీలోనూ రావాలి, అది మీరు తేల్చాల్సిన విషయం, భాషకు వదిలేసేది కాదు.

రెండో దారి, పైథాన్‌ను బ్రౌజర్‌లోకే తీసుకెళ్లడం. పయొడైడ్ అని ఉంది, పైథాన్ మొత్తాన్ని వెబ్ అసెంబ్లీగా, అంటే బ్రౌజర్ నేరుగా నడపగల కోడ్‌గా, మార్చి బ్రౌజర్‌లో నడిపిస్తుంది, 2018లో మొజిల్లాలో మొదలైంది, సింపై కూడా అందులో నడుస్తుంది. సర్వర్ అక్కర్లేదు, మామూలు పేజీలు పెట్టే చోటు ఉంటే చాలు. ఎవరైనా 9^9^9 కొడితే వాళ్ల ఫోనే ఆగుతుంది, పక్కవాళ్లకేం కాదు. మీ నాలుగు వేల లైన్లు అలాగే ఉంటాయి. మరి నష్టం ఏమిటంటే, మొదటిసారి పేజీ తెరిచినప్పుడు కొన్ని మెగాబైట్లు దిగాలి, నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లు ఖాళీ తెర చూస్తూ కూర్చుంటారు, పాత ఫోన్లలో మెమరీ చాలకపోవచ్చు. రెండోసారి నుంచి బ్రౌజర్ దాచుకున్నదే వాడుతుంది కాబట్టి ఆ బాధ తగ్గుతుంది. లెక్కను వెబ్ వర్కర్‌లో, అంటే తెరవెనక విడిగా నడపకపోతే లెక్క జరిగినంతసేపూ పేజీ బిగుసుకుపోతుంది. వర్కర్‌లో పెడితే గడువు దాటగానే దాన్ని ఆపేయొచ్చు కూడా. ఇంకోటి, కోడంతా పిల్లల చేతిలోనే ఉంటుంది. సాధనకైతే మంచిదే. దీనితోనే మార్కులు వేద్దాం అనుకుంటే మాత్రం ఈ దారి వద్దు.

మూడోది, అతను మొదట చెప్పిన దారి, అంతా జావాస్క్రిప్ట్‌లో. దీన్ని కొట్టిపారేయకండి. అంకెలు మాత్రమే ఉన్న మాత్రికలకు వరుసలు తగ్గించడానికి సింపై అక్కర్లేదు, సరైన భిన్నాలుంటే చాలు. 2020 ప్రమాణం నుంచి జావాస్క్రిప్ట్‌లో బిగ్‌ఇంట్ ఉంది, ఎంత పెద్ద పూర్ణసంఖ్యనైనా పొల్లుపోకుండా పట్టుకుంటుంది. లవం ఒకటి, హారం ఒకటి, రెండూ బిగ్‌ఇంట్‌లు, గసాభాతో తగ్గించడం, ఆ భిన్నాల పని మహా అయితే రెండొందల లైన్లు. అప్పుడు పైన మీరిచ్చిన మాత్రికకు ర్యాంకు 2 ఖాయంగా వస్తుంది. పేజీ రెప్పపాటులో తెరుచుకుంటుంది, ఏ ఫోన్లోనైనా నడుస్తుంది. ఇది సాధారణ లాభం కాదు.

అయితే కె ఉన్న లెక్కలు వచ్చేసరికి కథ మారుతుంది. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చిన వాక్యం అక్కడే ఉంది. సింపై వరుసలు తగ్గించేటప్పుడు కె పివట్‌గా వస్తే అది సున్నా కాదనుకుని ముందుకు పోతుందని, అందుకే కె సున్నా అయితే ఒక దారి, కాకపోతే ఒక దారి అని విడగొట్టే భాగం మీరే ఏడాది కూర్చుని రాసుకున్నారని అన్నారు. ఆ ప్రశ్నకు జవాబంతా ఆ విడగొట్టడంలోనే ఉంది. సింపైకి సమానమైనది జావాస్క్రిప్ట్‌లో మీకు సిద్ధంగా దొరకదు, మాథ్‌జేఎస్ లాంటి లైబ్రరీలు మంచివే కానీ అంత లోతుకు వెళ్లవు. ఆ భాగాన్ని తిరగరాయడమంటే ఇంకో ఏడాది, పైగా కొత్త తప్పులు. అంకెల మాత్రికలు జావాస్క్రిప్ట్‌లో, కె ఉన్నవి పైథాన్‌లో అని పంచుకోవచ్చు, చాలామంది అలా చేస్తారు. అప్పుడు ఒకే పద్ధతి రెండు చోట్ల ఉంటుంది, ఒకచోట దిద్దితే రెండోచోటా దిద్దాలి, ఆ ఓపిక మీకుందో లేదో మీకే తెలియాలి.

రస్ట్ సంగతి త్వరగా చెప్పేస్తాను. మంచి భాష, వెబ్ అసెంబ్లీకి బాగా మారుతుంది, వేగం చాలా ఎక్కువ. కానీ మీ పేజీలో నెమ్మది ఎక్కడుంది? నాలుగు బై నాలుగు మాత్రికకు వేగం అక్కర్లేదు. రేపు అతను ఉద్యోగం మారి ఆదివారాలు దొరక్కపోతే రస్ట్‌లో ఒక చిన్న తప్పు దిద్దడానికి కూడా మీకు చేతకాక నిలబడిపోతారు. నాకు దీనిలో అదే పెద్ద అభ్యంతరం. వెయ్యి బై వెయ్యి మాత్రికలు, కచ్చితమైన భిన్నాల్లో, అలాంటి అవసరం వస్తే అప్పుడు ఆలోచించండి.

జూలియా గురించి మీ తోటి లెక్చరర్ చెప్పినదాంట్లో నిజముంది. లెక్కలు రాసుకోవడానికి అంత హాయి అయిన భాషలు తక్కువ, 1//3 అని రాస్తే అది భిన్నమే, దశాంశం కాదు. మామూలు పూర్ణసంఖ్యలతో చేసిన భిన్నం హద్దు దాటితే గుట్టుగా తప్పు చెప్పకుండా ఎర్రర్ ఇస్తుంది, ఆ నిజాయితీ నాకు చాలా ఇష్టం. పెద్దవి కావాలంటే బిగ్‌ఇంట్ వాడుకోవచ్చు. కానీ బ్రౌజర్‌లో నడపడానికి పైథాన్‌కి ఉన్నంత సులువైన దారి దానికి లేదు, సర్వర్ మీదే నడపాలి, అంటే మొదటి దారిలోని ఇబ్బందులన్నీ ఉంటాయి, పైగా తిరగరాసే పని అదనం. ల్యాబ్‌లో కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి చెప్పే క్లాసుకైతే జూలియా, దాని ప్లూటో నోట్‌బుక్ చాలా బాగుంటాయి. మీ తోటి లెక్చరర్‌కు ఆ మాటే చెప్పండి, బాధపడరు.

తిరగరాయకపోతే వెనకబడిపోతామనే భయం మీ ఉత్తరమంతా ఉంది కాబట్టి, బొమ్మలు గీసి లెక్కలు చూపించే జియోజీబ్రా అనే ప్రోగ్రాం కథ చెప్తాను. 2001లో మొదలైనప్పుడు అది జావా ప్రోగ్రాం, వెబ్ పేజీల్లో జావా యాప్లెట్‌గా, అంటే పేజీలో అమర్చిన చిన్న ప్రోగ్రాంగా, నడిచేది. తర్వాత బ్రౌజర్లు యాప్లెట్లను వదిలేశాయి. ఎన్నో మంచి లెక్కల పేజీలు అప్పుడు తెరుచుకోకుండా పోయాయి. జియోజీబ్రా వాళ్లు జావా కోడ్‌ను పారేయలేదు, దాన్నే జీడబ్ల్యూటీ అనే పరికరంతో జావాస్క్రిప్ట్‌గా మార్చుకుని బ్రౌజర్‌లో నిలబడ్డారు. అందులో బీజగణితం చేసే భాగం జియాక్, అది సీ ప్లస్ ప్లస్‌లో రాసింది. ఇంకా వెనక్కి వెళ్తే, 1968లో ఎంఐటీలో మాక్‌సిమా (Macsyma) అనే బీజగణిత వ్యవస్థ లిస్ప్ అనే పాత భాషలో మొదలైంది, దాని వారసుడు మాక్సిమా (Maxima) ఇప్పటికీ లిస్ప్‌లోనే ఉంది. ఆ లిస్ప్ మాక్సిమానే ఈరోజు స్టాక్ అనే ఆన్‌లైన్ పరీక్షల వ్యవస్థ వెనక కూర్చుని పిల్లల జవాబులు దిద్దుతోంది. తెర మాత్రం ఎప్పటికప్పుడు కొత్తది. కాబట్టి వెనకబడ్డానా అన్న మీ ప్రశ్నకు నా జవాబు, లేదు. కె సున్నా అయితే ఏమిటి అని ఏడాదిపాటు ఆలోచించి రాసినవారిని వెనకబడ్డారని అనడం నాకు చేతకాదు.

మీ ముగ్గురిలో ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. పిల్లలు ఫోన్లో మైనస్ మూడు బై నాలుగు ఎలా టైపు చేస్తారు? అంకెల పెట్టెకు అంకెల కీబోర్డు పెడితే కొన్ని ఫోన్లలో అందులో మైనస్ ఉండదు, భాగహారం గీత అసలే ఉండదు. పిల్ల వేలు గాల్లో ఆగిపోతుంది. మామూలు కీబోర్డు పెడితే ప్రతి గుర్తుకూ రెండుసార్లు మారాలి, తొమ్మిది పెట్టెలు నింపేసరికి విసుగొస్తుంది. పెట్టెల కిందే మైనస్, గీత, కె అని మూడు పెద్ద బటన్లు పెట్టండి, ఒక పెట్టె నిండగానే తర్వాతి పెట్టెకు వెళ్లేలా చేయండి. మీ పేజీ నిలబడుతుందా లేదా అన్నది పైథానా రస్టా అన్నదానికన్నా దీని మీదే ఎక్కువ ఆధారపడుతుందని నా నమ్మకం. ఇది ఆ అబ్బాయికి బాగా వచ్చిన పని కూడా.

ఇక అతని సంగతి. ఆదివారాలు తీసి పాత టీచర్ కోసం కూర్చున్నవాడు కోపంతో దూరమై ఉండడు. చిన్నబుచ్చుకుని ఉంటాడు, లేదా మీకు కోపం వచ్చిందని ఫోన్ చేయడానికి జంకుతూ ఉంటాడు. మీరే ముందు చేయండి. అయితే ఫోన్లో "ఏ భాష?" అన్న మాట మళ్లీ ఎత్తొద్దు, ఎత్తితే మళ్లీ అక్కడికే వస్తారు. దాని బదులు ఒక ఫైలు తయారుచేసి పంపండి. ముప్పై నలభై లెక్కలు, ప్రతిదానికీ మీ చేత్తో చేసిన జవాబు. ర్యాంకు ఎంత, చివరి రూపం ఏమిటి, కె ఏ విలువల దగ్గర విడిపోతుంది. పెద్ద హారాలు వచ్చేవి రెండు, మైనస్ 3 వర్గం లాంటివి రెండు, పూర్తిగా సున్నాల మాత్రిక ఒకటి, ఒకే వరుస ఉన్నది ఒకటి. "బాబూ, ఆ రోజు తొందరపడి గట్టిగా అన్నాను. నాకు కావాల్సింది ఏమిటో నీకు సరిగ్గా చెప్పలేదు, ఇదిగో ఈ ఫైలు చూడు. ఏ భాషలో రాసినా ఇవన్నీ సరిగ్గా వస్తే నాకు ఒప్పుదలే" అనండి. మనస్ఫూర్తిగా అనండి, ఎందుకంటే అది నిజంగానే నిజం. అతను బిగ్‌ఇంట్‌తో అన్నీ దాటించాడనుకోండి, అప్పుడు మూడో దారికి వెళ్లడానికి మీకూ అభ్యంతరం ఉండదు. కె దగ్గర ఆగిపోతే ఆ భాగం ఎంత కష్టమో అతనికే తెలుస్తుంది, మీరు చెప్పక్కర్లేదు.

నేనే మీ చోట ఉంటే, ఈ నాలుగు నెలలకు, రెండో దారి పట్టేవాణ్ణి. లెక్క పైథాన్‌లో మీది, పయొడైడ్‌లో. తెర టైప్‌స్క్రిప్ట్‌లో అతనిది. మధ్యలో భిన్నాలు రాతగా. మొదటి నెల రెండు బై రెండు మాత్రిక ఒక్కటే, ఒక్క బటన్, నలుగురైదుగురు పిల్లల ఫోన్లలో నిజంగా తెరిచి చూడటం. పాత ఫోన్లలో మరీ ఆలస్యమైతే అప్పుడే మొదటి దారికి మళ్లొచ్చు, అతను రాసిన తెర అలాగే పనికొస్తుంది, లెక్క జరిగే చోటు ఒక్కటే మారుతుంది. మీ కాలేజీలో సర్వర్ చూసుకునే మనిషి ఇప్పటికే ఉంటే మాత్రం మొదటి దారే మీకు సులువు కావచ్చు. ఈ రెండిట్లో ఏది మీకు కుదురుతుందో పిల్లల ఫోన్లు చూశాక మీరే నిర్ణయించుకోండి.

ఒక్క చిన్న మాట. ఆ ఫైలులో 0.1, 0.2, 0.3 ఉన్న మాత్రికను తప్పకుండా పెట్టండి, కానీ మొదటి లెక్కగా పెట్టకండి. పదిహేనో పదహారో చోట, మిగతావాటి మధ్యలో ఉండనివ్వండి. మొదట్లోనే కనిపిస్తే వేలెత్తి చూపినట్టు ఉంటుంది అతనికి.